అమెరికా అంతర్యుద్ధం నిజంగా బానిసత్వం గురించేనా? గెలిచాక నల్లవాళ్లకి దక్కిందేంటి?

అశోక్‌నగర్_రూమ్:
అందరికీ నమస్తే. సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్నా, పొద్దున్నుంచి రాత్రి దాకా చిక్కడపల్లి లైబ్రరీలోనే ఉంటా. మెయిన్స్‌లో ప్రపంచ చరిత్ర ఉంది కాబట్టి అమెరికా అంతర్యుద్ధం చదువుతున్నా, కానీ ఈ డౌట్ పరీక్ష కోసం అడగట్లేదు. మా బావ అట్లాంటాలో ఉంటాడు. పోయిన వారం పిల్లల్ని తీసుకుని స్టోన్ మౌంటెన్‌కి వెళ్లి ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు పెట్టాడు. కొండకే ముగ్గురు మనుషుల్ని గుర్రాల మీద చెక్కారు. ఎవరు బావా వీళ్లు అంటే జెఫర్సన్ డేవిస్, లీ, జాక్సన్, దక్షిణాది నాయకులు అన్నాడు. బానిసల్ని వదులుకోలేక యుద్ధం చేసింది వీళ్లే కదా అంటే, "అదంతా పుస్తకాల్లో రాసేది రా, ఇక్కడివాళ్లని అడుగు, రాష్ట్రాల హక్కుల కోసం కొట్లాడారంటారు, లింకన్ కూడా మొదట బానిసల్ని విడిపిస్తానని అనలేదు" అన్నాడు. లింకన్ గురించి చెప్పింది నిజమే, నేనూ చదివా. అందుకే గట్టిగా మాట్లాడలేకపోయా. అసలు దేని గురించి జరిగింది ఆ యుద్ధం? ఇంకోటి, 1865లో బానిసత్వం పోయింది కదా, మళ్లీ ఓటు హక్కు కోసం 1965 దాకా ఎందుకు కొట్లాడాల్సి వచ్చింది? ఈ వందేళ్లు ఏం జరిగిందో మా మెటీరియల్‌లో రెండు లైన్లు కూడా లేవు.

చాక్‌పీస్_మాస్టారు:
నాయనా, ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో ఇదే పాఠం చెప్పాను. మీ బావ మాటని ఎవరి అభిప్రాయాలతోనో కొట్టేయక్కర్లేదు, విడిపోయిన రాష్ట్రాలు స్వయంగా రాసుకున్న కాగితాలు చదివితే చాలు. 1860 డిసెంబర్‌లో అందరికంటే ముందు దక్షిణ కరోలినా విడిపోయింది. ఎందుకు విడిపోతున్నామో ఒక ప్రకటన రాసింది. అందులో ముఖ్యమైన ఫిర్యాదు, పారిపోయి వచ్చిన బానిసల్ని ఉత్తరాది రాష్ట్రాలు పట్టి అప్పగించడం లేదని. ఆ రాష్ట్రాల పేర్లు వరసగా రాశారు. న్యూయార్క్ అయితే బానిసని వెంటబెట్టుకుని తమ నేల మీదుగా వెళ్లనివ్వడం కూడా లేదని దెప్పారు. అంటే న్యూయార్క్ తన సొంత చట్టం తను చేసుకుంటే దక్షిణాది ఒప్పుకోలేదు, ఢిల్లీ లాంటి కేంద్రం వచ్చి బలవంతంగా పట్టి ఇవ్వాలంది. రాష్ట్రాల హక్కుల కోసం పోరాడేవాళ్లు అడిగే మాటేనా అది? 1850 నాటి పారిపోయిన బానిసల చట్టం కావాలని పట్టుబట్టిందీ వాళ్లే.

మిసిసిపీ ప్రకటన ఇంకా సూటిగా ఉంటుంది, మా వైఖరంతా బానిసత్వంతో ముడిపడి ఉందని మొదట్లోనే చెప్పేస్తుంది. విడిపోయిన రాష్ట్రాలు కలిసి పెట్టుకున్న కొత్త దేశానికి ఉపాధ్యక్షుడైన అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో సవానా ఊళ్లో మాట్లాడుతూ, నల్లవాడు తెల్లవాడితో సమానం కాదన్నదే మా ప్రభుత్వానికి మూలరాయి అన్నాడు. వాళ్ల రాజ్యాంగంలో అయితే బానిసల మీద ఆస్తి హక్కుని తగ్గించే చట్టం కాంగ్రెస్ చేయకూడదని రాసుకున్నారు. ఓడిపోయాక మాట మార్చారు, రాష్ట్రాల హక్కులు, గౌరవం, సంప్రదాయం అని. మీ బావకి వినిపించింది ఆ తర్వాతి మాట. ఆ కొండ మీద బొమ్మలు కూడా యుద్ధం నాటివి కావు, చెక్కడం పూర్తయింది 1972లో. 1915లో నల్లవాళ్లని కొట్టి చంపే తెల్లవాళ్ల ముఠా కు క్లక్స్ క్లాన్‌ని మళ్లీ మొదలుపెట్టింది ఆ కొండ మీదే, ఆ ముక్క కూడా మీ బావకి చెప్పు.

లింకన్ సంగతి. మొదట ఆయన యుద్ధం దేశాన్ని కలిపి ఉంచడానికే, 1862 ఆగస్టులో ఒక ఎడిటర్‌కి రాసిన ఉత్తరంలో కూడా ఒక్క బానిసనీ విడిపించకుండా దేశం నిలుస్తుందంటే అలాగే చేస్తానన్నాడు. దక్షిణాది విడిపోయింది బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి, ఉత్తరాది యుద్ధానికి దిగింది విడిపోవద్దని. ఈ రెండూ కలిపి ఒకే కారణం కింద రాస్తేనే తికమక వస్తుంది. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చేది ఒక చిన్న సంఘటన. 1861 మే నెలలో వర్జీనియాలో ముగ్గురు బానిసలు రాత్రిపూట పడవలో నీళ్లు దాటి ఉత్తరాది సైన్యం చేతిలో ఉన్న మన్రో కోటకి వచ్చారు. యజమాని తరఫున ఒక మేజర్ తెల్లజెండా పట్టుకుని వచ్చి చట్టం ప్రకారం మా మనుషుల్ని మాకివ్వమన్నాడు. కోటలో ఉన్న జనరల్ బట్లర్ వృత్తిరీత్యా లాయరు, మీరు మాది వేరే దేశం అన్నారు కదా, మరి మా దేశ చట్టం మీకెలా వర్తిస్తుందని అడిగి, యుద్ధంలో పట్టుకున్న శత్రువు సొత్తు కింద వాళ్లని అక్కడే ఉంచుకున్నాడు. ఆ కబురు తెలిసి జనం వందల్లో, తర్వాత వేలల్లో వచ్చారు. లింకన్ 1863 జనవరి 1న విముక్తి ప్రకటన చేయడానికి ఏడాదిన్నర ముందే వాళ్లు కాళ్లతో తీర్పు చెప్పేశారు. తర్వాత దాదాపు లక్షా 80 వేల మంది నల్లవాళ్లు ఉత్తరాది సైన్యంలో చేరారు. లింకన్ ఇచ్చాడు, వీళ్లు పుచ్చుకున్నారు అని మాత్రం పరీక్షలో రాయకు నాయనా.

ఎల్బీనగర్_నల్లగొండ:
మాస్టారు మొదటిదానికి చెప్పారు, రెండో ప్రశ్నకి నేను రాస్తా తమ్ముడూ. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు, మా తాత వల్ల ఈ విషయం పట్టుకుని చదివిన. మా తాత నకిరేకల్ వైపు ఒక దొర దగ్గర జీతం ఉండె. వాళ్ల నాయన పెండ్లికి తెచ్చిన అప్పు, దానికి ఈయన పదేళ్ల వయసులో పనికి కుదిరిండు. ఏడాదికోసారి లెక్క చూసేవాళ్లట. నాగుకి, అంటే ధాన్యం అప్పుకి, తెచ్చిన జొన్నలు బస్తాకి బస్తాన్నర, మధ్యలో జబ్బు చేసి రాని రోజులు, తెగిపోయిన మోకు ఖరీదు, అన్నీ రాసి చివరికి ఇంకా బాకీ ఉన్నవని చెప్పి వేలిముద్ర పెట్టించుకునేవాళ్లు. ఆ కాగితంలో ఏముందో తాతకి తెలవదు. చనిపోయేదాకా ఎక్కడ సంతకం అడిగినా కుడి బొటనవేలు ముందు చూపించి, మళ్లీ గుప్పిట మూసుకునేటోడు.

ఇప్పుడు అమెరికాకి వస్తా. 1865 జనవరిలో ఉత్తరాది సైన్యం జనరల్ షెర్మన్ సవానాలో 20 మంది నల్లజాతి పాస్టర్లని కూర్చోబెట్టి మీకేం కావాలని అడిగిండు. గారిసన్ ఫ్రేజియర్ అని 67 ఏళ్ల ముసలాయన అందరి తరఫున మాట్లాడిండు, తనని తను, భార్యని 1000 డాలర్లిచ్చి కొనుక్కున్న మనిషి. ఆయన అడిగింది ఒకటే, భూమి. మా చేతులతో దున్నుకుంటం, మమ్మల్ని మేం సాకుకుంటం అన్నడు. నాలుగు రోజులకి షెర్మన్ ఆర్డర్ వేసిండు, సముద్రం ఒడ్డున భూములు కుటుంబానికి 40 ఎకరాల దాకా. దాదాపు 40 వేల మంది దిగి సాగు మొదలుపెట్టిన్రు. ఏప్రిల్‌లో లింకన్‌ని చంపిన్రు, తర్వాత అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ అదే ఏడాది ఆ భూములు పాత యజమానులకే తిరిగి ఇప్పించిండు. బానిసలకి ఇంత భూమి ఇయ్యడానికి లేని మనసు యజమానులకి నష్టపరిహారం ఇయ్యడానికి ఉండె. 1862లో వాషింగ్టన్ నగరంలో బానిసల్ని విడిపించినప్పుడు యజమానులకి మనిషికి 300 డాలర్ల దాకా కట్టింది ప్రభుత్వం.

భూమి లేనోడు ఏం జేస్తడు? పాత యజమాని దగ్గరికే పాలుకి పోయిండు. పంటలో సగం వాళ్లది. విత్తనం, పిండి, బట్ట అన్నీ అరువు మీద కొట్లో తెచ్చుకోవాలె, పంట మీద ముందే హక్కు రాయించుకుంటరు. డిసెంబర్‌ల లెక్క. చదువు రానోడికి లెక్క ఎవరు చెప్తరు, ఇంకా బాకీ ఉంది అంటరు. అది చదువుతుంటే నాకు తాత బొటనవేలు కండ్ల ముందుకొచ్చింది. మిసిసిపీలో 1865లోనే చట్టం తెచ్చిన్రు, నల్లవాడు ప్రతి జనవరికి పనిలో ఉన్నట్టు రుజువు కాగితం చూపించాలె, లేకుంటే పనిలేక తిరుగుతున్నడని జరిమానా, కట్టలేకపోతే ఆ జరిమానా కట్టినోడి దగ్గర ఊరికే పని. రాజ్యాంగానికి చేసిన 13వ సవరణ బానిసత్వాన్ని తీసేసింది గానీ నేరానికి శిక్షగా అయితే తప్ప అని ఒక ముక్క వదిలేసింది. ఆ సందులకెల్లి ఖైదీల్ని గనులకి, తోటలకి కిరాయికిచ్చిన్రు, అలబామాలో అది 1928 దాకా నడిచింది.

బోయిన్‌పల్లి_సుజాత:
అన్నా, మీ తాతగారి సంగతి చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. కానీ ఒక్క తేడా చెప్పాలి, లేకపోతే తమ్ముడు రెండూ ఒకటే అనుకుంటాడు. అక్కడ మనిషినే అమ్మేవాళ్లు. తల్లి బానిస అయితే పుట్టిన బిడ్డ బానిస, ఆ బిడ్డకి తండ్రి యజమానే అయినా సరే. 1860 జనాభా లెక్కల్లో అలాంటివాళ్లు దాదాపు 40 లక్షల మంది. మన దగ్గర వెట్టి, జీతం ఎంత ఘోరమైనా వేలంపాటలో తల్లినీ పిల్లనీ విడదీసి అమ్మిన వ్యవస్థ కాదు. అయితే దొరసానితో పాటు అత్తారింటికి పంపిన ఆడబాపల్ని తలుచుకుంటే ఈ మాట అనడానికి కూడా నాకు నోరు రావట్లేదు.

మధ్యలో పదేళ్లు మీరిద్దరూ వదిలేశారు. 1867 నుంచి దక్షిణాదిలో నల్లవాళ్లు నిజంగా ఓట్లేశారు, స్కూళ్లు పెట్టించారు, 1870లో హైరమ్ రెవెల్స్ మిసిసిపీ నుంచి సెనేటర్ అయ్యాడు. అంటే వాళ్లకి చేతకాక ఓడిపోలేదు. తుపాకులతో ఓడించారు. 1873లో ఈస్టర్ రోజున లూసియానాలోని కోల్‌ఫాక్స్ ఊళ్లో కోర్టు భవనాన్ని కాపాడుకుంటున్న నల్లవాళ్లని ఊచకోత కోశారు, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1876లో నిందితులే గెలిచారు. మరుసటి ఏడాది దక్షిణాదిలో ఉన్న కేంద్ర సైన్యాన్ని వెనక్కి పిలిచేశారు. ఆ తర్వాత ఓటేయాలంటే పన్ను కట్టాలి, చదువు పరీక్ష పాసవ్వాలి అన్నారు. లూసియానాలో 1896లో లక్షా 30 వేల మందికి పైగా నల్ల ఓటర్లు ఉంటే 1904కి మిగిలింది 1,342 మంది. నీ వందేళ్లు అలా గడిచాయి తమ్ముడూ.

చాక్‌పీస్_మాస్టారు:
సుజాతమ్మ సరిగ్గా పట్టుకుంది, ఆ పదేళ్లు నేను వదిలేయకూడదు. మన వైపు సంగతి ఒకటి కలుపుతాను. దక్షిణాది రేవుల్ని లింకన్ మూసేయడంతో ఇంగ్లండ్ మిల్లులకి అక్కడి పత్తి ఆగిపోయింది, వాళ్లు మన పత్తి మీద పడ్డారు. 1853లో నిజాం బాకీల కింద బ్రిటిష్ వాళ్లకి అప్పగించిన బేరార్ (ఇప్పటి మహారాష్ట్రలోని విదర్భ వైపు) నల్లరేగడి అప్పుడు వాళ్లకి బంగారం. కాకినాడ రేవుకి కూడా ఆ పత్తి గిరాకీ వల్లే కళ వచ్చింది. 1865లో యుద్ధం ఆగగానే ధర కూలి బొంబాయిలో వ్యాపారులు దివాలా తీశారు.

అశోక్‌నగర్_రూమ్:
మాస్టారూ, అక్కా, అన్నా, అందరికీ చాలా థ్యాంక్స్. మా అమ్మమ్మ వాళ్లది ఆదిలాబాద్, ఇప్పటికీ పత్తే వేస్తారు, ఆ నేలకీ ఆ యుద్ధానికీ ఇంత దగ్గర అని అసలు అనుకోలేదు. దక్షిణ కరోలినా, మిసిసిపీ ప్రకటనలు రెండూ నెట్‌లో దొరికాయి, పెద్దవేం కావు. ఆదివారం బావ ఫోన్ చేస్తాడు, ఆ కాగితాలే చదివి వినిపిస్తా. అన్నా, మీ తాతగారి వేలిముద్ర కాగితం ఏదైనా ఇంట్లో మిగిలి ఉందా?

ఎల్బీనగర్_నల్లగొండ:
లేదు తమ్ముడూ. దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్లు వచ్చినప్పుడు గడి ముందర కాగితాలన్నీ కుప్పబోసి కాల్చిన్రట. తాత కూడా ఒక కట్ట మోసుకొచ్చి వేసిండట, అందులో తనది ఉందో లేదో చూసుకోలేదు, చూసినా గుర్తుపట్టలేడు కదా.