ఉగాది ముందు పాడే ‘తాత కంబళి’ పాటలో చివరి పాదం ఎవరికైనా గుర్తుందా?

ప్రొద్దుటూరు దగ్గర మా పల్లెలో, ఉగాది ఇంకో వారం ఉందనగా పిల్లలం చప్పట్లు కొడుతూ ఒక పాట పాడేవాళ్లం. 1984–85 నాటి మాట. గుర్తున్నది ఇంతే:

కోయిల కూసింది, వేప పూసింది,
తాత కంబళి దండెం ఎక్కింది,
మూడు నెలల మురికిని చూసి...

నాలుగో పాదానికే అందరూ పడీ పడీ నవ్వేవాళ్లు. సరిగ్గా అదే మరిచిపోయాను!

78 ఏళ్ల మా పెద్దమ్మను అడిగితే, మూడో పాదానికే నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకుంది. రెండుసార్లు ఫోనులో రికార్డు చేశాను, రెండింటిలోనూ దగ్గే. కడప బ్రౌన్ గ్రంథాలయంలో రెండు పూటలు జానపద గేయాల సంకలనాలు తిరగేశాను. నాకు దంపుళ్ల పాటలు, లాలిపాటలే కనిపించాయి. ‘కంబళి’, ‘గొంగడి’ అని రెండు రకాలుగానూ ఇంటర్నెట్‌లో వెతికాను. మొన్న ఉగాదికి దేవుని కడప గుడి వరుసలో (ఆ రోజు ముస్లింలు కూడా దర్శనానికి వస్తారు కదా, జనం బాగా ఉంటారు) ముందూ వెనకా ఉన్నవాళ్లను అడిగాను. ఒకాయన ‘బావి నీళ్లు బెదిరి ఎండాయి’ అన్నారు. బాగుంది కానీ అప్పటికప్పుడు కట్టినట్టుంది. మా పాదం కచ్చితంగా ‘ంది’తోనే ముగిసేది.

జమ్మలమడుగు, మైదుకూరు వైపు ఈ పాట పాడినవారు ఉంటే చెప్పండి, ఆ నాలుగో పాదం ఏమిటి?