సైన్సును జనంలోకి తీసుకెళ్తే దుబారా ఎలా అవుతుంది?

తోకచుక్క:
2010లో ప్రభుత్వ సొమ్ముతో పరిశోధనలకు నిధులిచ్చే అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ (ఎన్‌ఎస్‌ఎఫ్) వాతావరణ మార్పుపై సంగీత నాటకం తీయడానికి న్యూయార్క్ నాటక బృందం ఒకదానికి దాదాపు 7 లక్షల డాలర్లు ఇచ్చింది. తర్వాత ప్రతినిధుల సభ సైన్స్ కమిటీ అధ్యక్షుడైన లమార్ స్మిత్ దాన్ని దుబారా అని ఎండగట్టారు. ఆయన కమిటీ సిబ్బంది ఎన్‌ఎస్‌ఎఫ్ ఆఫీసుకే వెళ్లి ఎన్నో గ్రాంట్ల ఫైళ్లు తిరగేశారు. శీర్షిక వింతగా ఉంటే చాలు, విచారణే! దీన్ని తనిఖీ అనడానికి నాకు మనసొప్పడం లేదు.

పన్నుదారు:
నేనొప్పుకోనండి. జబ్బుల మీద పనిచేసే ల్యాబులు నిధుల కోసం ఎదురుచూస్తుంటే నాటకానికి 7 లక్షల డాలర్లా? ఎంతమంది చూశారని అడిగితే తప్పేంటి? జనం సొమ్ము తీసుకున్నవాళ్లు జవాబు చెప్పి తీరాలి.

తోకచుక్క:
అడగండి, తప్పకుండా అడగండి. ఎంతమంది చూశారు, చూశాక వాళ్లకు కొత్తగా ఏం తెలిసింది అని అడిగితే నేనూ మీ పక్కనే నిలబడతాను. కానీ ఇంకోటి చూడండి. 1997 నుంచి ఎన్‌ఎస్‌ఎఫ్ ప్రతి దరఖాస్తునూ రెండు రకాలుగా తూస్తోంది: శాస్త్రపరంగా విలువెంత, సమాజానికి ఒరిగేదేంటి. జనానికి సైన్సు చెప్పడం ఆ రెండోదాని కిందకే వస్తుంది. చెప్పకపోతే దరఖాస్తు బలహీనపడుతుంది, చెబితే దుబారా కింద జమకడతారు. ఆ శాస్త్రవేత్త ఏం చేయాలి?

ప్రయోగశాల:
ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తే రొయ్య వీడియో గుర్తుందా? 2011లో ఎన్‌ఎస్‌ఎఫ్ దుబారాపై సెనేటర్ టామ్ కోబర్న్ వేసిన నివేదికకెక్కింది. రొయ్యల వ్యాయామానికి లక్షల డాలర్లు తగలేశారని ప్రచారం జరిగింది. నిజానికి ఆ ట్రెడ్‌మిల్‌ను జీవశాస్త్రవేత్త డేవిడ్ షోల్నిక్ మిగిలిపోయిన సామాన్లతో 50 డాలర్లలోపే బిగించుకున్నారు. నీళ్లలో బ్యాక్టీరియా పెరిగి, ఆక్సిజన్ తగ్గితే రొయ్య కదలికలు ఏమవుతాయో కొలవడానికి అది కావాలి. జబ్బుపడ్డ రొయ్య తప్పించుకోలేదు, తిండి వెతుక్కోలేదు. మనుషులు తినే జీవి గురించిన ప్రశ్న ఇది. గ్రాంటు సొమ్ము పోయింది ఆ పరిశోధన మొత్తానికి. వీడియోలో కనిపించింది మాత్రం ఆ చిన్న బెల్టు. ఫోన్ చేసి అడిగితే ఐదు నిమిషాల్లో తేలేది.

పన్నుదారు:
రొయ్యల విషయంలో మీరన్నది సబబే. నాటకం మాత్రం ఇంకా నాకు మింగుడుపడట్లేదు. అది పరిశోధన కాదు కదా.

తోకచుక్క:
పరిశోధన కాదు, నిజమే. పరిశోధనకు డబ్బు కట్టిన జనానికి అందులో ఏం తేలిందో చెప్పే ప్రయత్నం. ఆ చెప్పడం ఎంత పనిచేస్తుందో చూడండి: 1978లో సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్ నాసా చేపట్టిన గ్రహాంతర జీవుల అన్వేషణకు తన "గోల్డెన్ ఫ్లీస్" దుబారా అవార్డు ఇచ్చారు, తర్వాత నిధులూ ఆపించారు. ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్ స్వయంగా వెళ్లి మాట్లాడాక ప్రాక్స్‌మైర్ అడ్డుపడటం మానేశారు. అందుకే నాదొకటే డిమాండు: ఏ ప్రాజెక్టునైనా దుబారా జాబితాలో అచ్చేయకముందే ఆ శాస్త్రవేత్త వివరణ తీసుకోవాలి, ఆ వివరణ కూడా అదే పేజీలో అచ్చవ్వాలి. దీనికైనా ఒప్పుకుంటారా పన్నుదారు గారూ?