అప్‌డేట్: మూడు రోజుల్లో పేపర్ వేస్తామన్న జర్నల్

అనంతపురంలో వేరుశనగ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, డబ్బు కడితే మూడు రోజుల్లో పేపర్ వేస్తామంటున్న జర్నల్‌ను నమ్మొచ్చా అని అడిగాను కదా. కట్టలేదండీ. మీరు చెప్పినట్టే ఐఎస్‌ఎస్‌ఎన్ (పత్రికలకు ఇచ్చే గుర్తింపు నంబరు) పోర్టల్‌లో చూస్తే ఆ జర్నల్ చూపిస్తున్న నంబరు వేరే పత్రికది! ఎడిటోరియల్ బోర్డులో పేరున్న ప్రొఫెసర్ గారికి మెయిల్ చేస్తే, తన పేరు అక్కడ ఉన్నట్టే తెలియదన్నారు. నంబరు నిజమైనదే అయినా అది గుర్తింపు మాత్రమే, నాణ్యతకు హామీ కాదు.

పేపర్ లేనిదే థీసిస్ తీసుకోరని భయపడేవాళ్లకు ఒక మాట. 2022 నిబంధనల్లో యూజీసీ ఆ షరతు తీసేసింది. యూనివర్సిటీలు సొంతంగా పెట్టుకోవచ్చు, కాబట్టి మీ ఆఫీసులో అడగండి. నమ్మదగిన జర్నళ్లంటూ యూజీసీ ఇచ్చే కేర్ లిస్టు కూడా 2025లో ఆగిపోయింది, ఇప్పుడు పరిశీలన మన బాధ్యతే.

తర్వాత డీఓఏజేలో (అందరూ ఉచితంగా చదవగలిగే జర్నళ్ల జాబితా) ఉన్న ఒక జర్నల్‌కు పంపాను. ఇద్దరు రివ్యూయర్లు చదివారు. తడి పెట్టిన మడులకూ వర్షాధారపు మడులకూ విత్తిన తేదీలు వేరైతే పోలిక ఎలా నిలుస్తుందని ఒకరు అడిగారు. చదివాక టెన్షన్ వచ్చింది, కానీ నా పనిని ఇంత శ్రద్ధగా ఇంతవరకు ఎవరూ చూడలేదు. గడువు పెంచమంటే ఎడిటర్ ఒప్పుకున్నారు. ఇప్పుడు తేదీలవారీగా లెక్కలు మళ్లీ తీస్తున్నాను.