కష్టంలో ఉన్నోళ్ళని అంత అందంగా ఫోటో తియ్యడం కరెక్టేనా? సల్గాడో ఫోటోలు చూసినోళ్ళు చెప్పండి

బుడమేరు గట్టు:
అందరికీ నమస్తే. ఇంజనీరింగ్‌లో ఉండగా ఒక సీనియర్ రూంలో సెబాస్టియావో సల్గాడో అనే బ్రెజిల్ ఫోటోగ్రాఫర్ పుస్తకం చూశా, ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. బ్రెజిల్‌లో సెర్రా పెలాడా అని బంగారు గని, 1986లో తీసినవి. పెద్ద గొయ్యి, అందులో వేలమంది, మొత్తం 50 వేల మంది దాకా పనిచేసేవాళ్ళంట, ఒంటినిండా బురద, వీపు మీద మట్టి బస్తా, చెక్క నిచ్చెనలు, ఒకడి నెత్తి దగ్గర ఇంకొకడి పాదం. అందులో ఒకటుంది, పనోడొకడు మిలిటరీ పోలీసు తుపాకీ గొట్టాన్ని చేత్తో పట్టేసుకుని కళ్ళలోకి చూస్తుంటాడు. అది నా గోడ మీద ఏడేళ్ళుంది, పక్కనే కనకదుర్గమ్మ పటం.

ఇప్పుడు అసలు సంగతి. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి విజయవాడలో మా సింగ్ నగర్ మీద పడింది. మాది కింది వాటా, రెండు రాత్రులు మేడ మీద ఓనరు వాళ్ళింట్లో ఉన్నాం, మూడోరోజు పొద్దున అమ్మ నడుంలోతు నీళ్ళలో దిగి పడవ దగ్గరికెళ్ళింది, నెత్తిన స్టీలు డబ్బా, అందులో ఇంటి కాయితాలు, నాన్న పెన్షన్ పుస్తకం. మెరక మీదకి ఎక్కేటప్పటికి చీర మోకాళ్ళ పైకి దోపుకునుంది. అక్కడ ఎవరో ఫోటో తీశారు. వారం తర్వాత అది బ్లాక్ అండ్ వైట్‌లో నా ఫోన్‌కే ఫార్వర్డ్ అయ్యి వచ్చింది. తర్వాత ఒక ఎగ్జిబిషన్‌లో ఫ్రేం కట్టి పెట్టారు, కింద "నిరీక్షణ" అని పేరు.

ఫోటో చాలా బాగుంది. అబద్ధం చెప్పను. మబ్బు వెలుతురు, డబ్బా మీద మెరుపు, అచ్చం సల్గాడో చూపే. కానీ మా అమ్మ అక్కడ దేనికోసం ఎదురుచూడట్లేదండి. పడవతనితో పోట్లాడుతోంది, పక్క వాటా ముసలామెకి మోకాళ్ళు పనిచెయ్యవు, ముందు ఆమెని దించుకు రమ్మని. నోరు తెరిచి ఉంది అందుకే. ఫోటో చూపిస్తే అమ్మ అన్న మొదటి మాట "కాళ్ళు కనపడుతున్నాయి కదరా, ఊరంతా చూసుంటారు" అని.

2025 మేలో సల్గాడో పోయినప్పుడు అందరూ ఆ గని ఫోటోలే షేర్ చేశారు, నేను చెయ్యలేకపోయా. ఆ తుపాకీ పట్టుకున్నతను నిజంగా ఏమంటున్నాడో మనకెవరు చెప్పారు? నేను చూసిన పుస్తకంలో అతని పేరు కూడా లేదు. మీరేమంటారు?

గవర్నర్‌పేట స్టూడియో:
తమ్ముడూ, అమ్మగారి విషయంలో జరిగింది తప్పే, ఒప్పుకుంటా. కానీ దాంతో సల్గాడోని తీసుకెళ్ళి అదే గాటన కట్టెయ్యడం నాకు నచ్చలేదు. ముప్ఫై ఏళ్ళుగా కెమెరా పట్టుకున్నోడిగా చెప్తున్నా. ఆయన ఎకనామిక్స్ చదువుకుని, కాఫీ వ్యాపారానికి సంబంధించిన అంతర్జాతీయ సంస్థలో మంచి ఉద్యోగం చేస్తూ, భార్య కొన్న కెమెరా చేతికొచ్చాక అన్నీ వదిలేసి దీంట్లోకొచ్చాడు. ఒక్కో పని మీద ఏళ్ళ తరబడి కూర్చున్నాడు, వచ్చి రెండు క్లిక్కులు కొట్టి పోయే బాపతు కాదు. పేదోడి ఫోటో అందంగా ఉండకూడదని రూలెక్కడుంది? పెళ్ళికూతురికి పెట్టే లైటింగు కూలీకి పెడితే తప్పా? వంకరగా, మసగ్గా తీస్తే గౌరవం ఇచ్చినట్టా?

ఇంకోటి, ఫోటో వల్ల సాయం వస్తది. డొరోథియా లాంగ్ అనే అమెరికా ఫోటోగ్రాఫర్ 1936లో కాలిఫోర్నియాలో బఠాణీ కోసే కూలీల క్యాంపులో ఒక తల్లిని తీసింది, ఇద్దరు పిల్లలు చెరో భుజం మీద మొహం దాచుకుని ఉంటారు చూడండి, అది. పేపర్లో రాగానే గవర్నమెంటు ఆ క్యాంపుకి 20 వేల పౌండ్ల బరువున్న తిండి పంపింది.

బ్రాడీపేట నాలుగో లైను:
అన్నా ఆ కథ సగంలో ఆపేశారు. ఆ తిండి వచ్చేటప్పటికి ఆ తల్లి, పిల్లలు అక్కడ లేరు, పని వెతుక్కుంటూ వేరే ఊరెళ్ళిపోయారు. లాంగ్ ఆమె పేరే అడగలేదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, అంటే 42 ఏళ్ళకి. ఆ ఫోటో వల్ల నాకు పైసా రాలేదని, తియ్యకుండా ఉంటే బాగుండేదని ఆవిడే అంది. ఇంకోటి తెలుసా, ఆ ఫోటోలో కింద మూల గుంజ పట్టుకున్న బొటనవేలు ఒకటి అడ్డంగా ఉందని నెగటివ్‌లో చెరిపించింది లాంగ్. కళ కోసం మనిషి వేలు అడ్డమైపోయింది. ఆ ఒక్క సంగతి చదివినప్పటి నుంచి నాకా ఫోటోలో మొహం కంటే ఆ మూలే ముందు కనిపిస్తోంది.

గవర్నర్‌పేట స్టూడియో:
వేలు సంగతి నిజమే. కానీ మీరూ చివరిదాకా చెప్పలేదు. 1983లో ఆవిడకి జబ్బు చేసి డబ్బుల్లేకపోతే పిల్లలు జనాన్ని అడిగారు, ఆ ఫోటో గుర్తున్నోళ్ళు ఉత్తరాలు రాసి డబ్బులు పంపారు, 30 వేల డాలర్లు దాటింది. ఆ ఉత్తరాలు చదివాక ఆ ఫోటో మీద పిల్లల మనసే మారింది. ఫోటో లేకపోతే వాళ్ళెవరికి గుర్తుండేవాళ్ళు?

అరండల్‌పేట:
గుంటూరు నుంచి నాదొక మాట. మా అమ్మ మిర్చి కల్లాల్లో తాలుకాయలు ఏరేది. ఫిబ్రవరి మార్చి వస్తే చాలు కెమెరాలేసుకుని దిగుతారు, ఇప్పుడు డ్రోన్లు కూడా. పైనుంచి చూస్తే ఎర్ర తివాచీ పరిచినట్టు, మధ్యలో రంగు రంగు చీరలు, సూపర్ ఉంటది నిజమే. దగ్గరికొచ్చి చూసినోళ్ళు తక్కువ. ముక్కుకి పాత చీర ముక్క కట్టుకున్నా దగ్గు ఆగదు, సాయంత్రానికి వేళ్ళ సందుల్లో మంట, ఎన్నిసార్లు కడిగినా పోదు, కొబ్బరి నూనె రాసుకుని చేతులు దూరంగా పెట్టుకుని పడుకునేది. నా చిన్నప్పుడు ఆ చేతుల్తో అన్నం కలిపి పెట్టేది కాదు, స్పూన్‌తో పెట్టేది. ఈ మంట ఏ ఫోటోలోనూ చూళ్ళేదు నేను. అందం తప్పని అనట్లేదు, ఆ ఎరుపు చూసి ఆగిపోతున్నారు, అదీ నా బాధ.

లబ్బీపేట:
అమెరికా రచయిత్రి సుసాన్ సొంటాగ్ 2003లో రాసిన పుస్తకంలో సల్గాడోని పట్టుకుంది ఇక్కడే. ఫోటోలు అందంగా ఉన్నాయన్నది ఆవిడకి అసలు సమస్య కాదు, పెద్దోళ్ళకేమో పేర్లుంటాయి, కూలీలకేమో "గని కార్మికులు", "శరణార్థులు" అని ఉంటది, దాంతో మనిషి పోయి నమూనా మిగులుతాడు అంటుంది. నేనూ అదే అంటా. పేరు రాయండి చాలు.

గవర్నర్‌పేట స్టూడియో:
పేరు రాయడం చెప్పినంత తేలిక్కాదు మేడం. 1984 డిసెంబర్, భోపాల్. రఘు రాయ్ తీసిన పసిబిడ్డ ఫోటో, కంకర మట్టిలో మొహం మాత్రం బయటికి, కళ్ళు తెరిచే ఉంటాయి, పైన ఒక చెయ్యి. అదే బిడ్డని పాబ్లో బార్తలమ్యూ కలర్‌లో తీశాడు, దానికే వరల్డ్ ప్రెస్ అవార్డొచ్చింది. ఆ బిడ్డ పేరు ఎవరికీ తెలీదు, గుర్తు తెలియని బిడ్డ అనే ఇన్నేళ్ళూ చెప్పుకుంటున్నాం. పేరు లేదని తియ్యకుండా వదిలెయ్యాలా? గ్యాస్ వదిలినోళ్ళకి కావాల్సిందదే కదా. ఆ ఫోటో మొదటిసారి చూసిన రోజు నా పెద్ద కొడుక్కి తొమ్మిది నెలలు. షట్టర్ దించేసి ఇంటికెళ్ళిపోయా, పిల్లాణ్ణి ఎత్తుకుని కూర్చున్నా.

బుడమేరు గట్టు:
అన్నా, భోపాల్ ఫోటో గురించి మీతో వాదించను. అక్కడ అడగడానికి ఎవరూ లేరు. మా అమ్మ ఉంది కదా, నిలబడి మాట్లాడుతోంది కదా, అడగొచ్చు కదా.

దయానితా సింగ్ అనే ఫోటోగ్రాఫర్ గురించి చదివా. 1989లో ఒక లండన్ పేపర్ కోసం ఢిల్లీలో మోనా అహ్మద్ అనే హిజ్రాని ఫోటోలు తీసింది. లండన్‌లో మా బంధువులున్నారు, అక్కడ వెయ్యొద్దు, రీలు ఇచ్చెయ్యమంది మోనా. ఇచ్చేసింది! పేపర్ వాళ్ళ పని పోతుందని తెలిసి కూడా. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి స్నేహితులు, 2001లో వచ్చిన పుస్తకంలో మోనా తన కథ తన మాటల్లోనే చెప్పుకుంది. ఆ రోజు రీలు ఇవ్వకపోయుంటే ఒక్క మంచి ఫోటో మిగిలేది, అంతే. సల్గాడో గొప్పోడే, కాదనను, కానీ నా గోడ మీద ఇప్పుడు ఆయన లేడు.

గవర్నర్‌పేట స్టూడియో:
రీలు ఇచ్చెయ్యడమంటే... నేను ఇచ్చేవాణ్ణో లేదో. సరే తమ్ముడూ, ఆ వరద ఫోటో తీసిన కుర్రాడెవరో కనుక్కుంటా, బెజవాడలో ఎవరు ఏ రోజు ఏ పడవెక్కారో మాకు తెలుస్తది. చెడ్డోడై ఉండడు, తెలియక చేసుంటాడు. తీసెయ్యమంటావా, అమ్మగారి పేరు వేయించమంటావా? అమ్మగార్ని అడిగి చెప్పు.

బుడమేరు గట్టు:
ఇప్పుడే అడిగా అన్నా. మీరందరూ పేరు పేరు అన్నారు గానీ అమ్మకి పేరు అక్కర్లేదంట. కాళ్ళ దగ్గర కట్ చెయ్యమంది. కింద ఆ నిరీక్షణ తీసేసి, ముసలామెని మొదటి పడవలోనే ఎక్కించారని రాయమంది.