దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లిన ముత్తాతగారి ఊరు ఎలా కనుక్కోవాలి?

ప్రశ్న: మా ముత్తాతగారు విశాఖపట్నం జిల్లా నుండి మద్రాసు రేవు మీదుగా నాటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీగా వచ్చారని డర్బన్‌లోని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన ఊరి పేరు ఆన్‌లైన్‌లో దొరుకుతుందా?

జవాబు 1: 1860 నుండి 1911 వరకు వచ్చిన ఓడల జాబితాలు అంతర్జాలంలో ఉన్నాయండి. వాటిలో ఒక్కొక్కరికీ వలస సంఖ్య, తండ్రి పేరు, వయసు, జిల్లా, గ్రామం రాసి ఉంటాయి కనుక, పాత వివాహ పత్రాల మీద ఆ సంఖ్య ఉందేమో ముందుగా చూడండి.

జవాబు 2: కేవలం పేరుతో వెతికితే విసిగిపోతారు. గుమాస్తాలు చెవికి తోచినట్టు రాసుకున్నందువల్ల మా తాతమ్మ అప్పలనరసమ్మ అక్కడ ‘అపలర్సి’ అయి కూర్చుంది! జిల్లాను ‘వైజాగపటం’ అని వెతికి, తండ్రి పేరుతో సరిపోల్చుకున్నాను.

ప్రశ్న అడిగినవారు: నానమ్మ పెట్టెలోని కాగితం మీద అయిదంకెల సంఖ్య ఒకటి కనిపించింది. ఈ రాత్రికే వెతుకుతాను.