మితానుభవుడు అంటే అనుభవం తక్కువవాడా?

ప్రశ్న: మా చర్చి సంఘంలో కొత్త పెద్దలను ఎన్నుకోబోతున్నారు. అందుకని ఆదివారం బైబిల్లో 1 తిమోతి (పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక) 3వ అధ్యాయం చదివారు. అధ్యక్షుడు, అంటే సంఘాన్ని నడిపే పెద్ద, నిందారహితుడు, ఏకపత్నీపురుషుడు, మితానుభవుడు అయి ఉండాలట. మా అబ్బాయి పదో తరగతి. "అనుభవం తక్కువ ఉన్నవాళ్లనే పెట్టుకోవాలా నాన్నా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. పెద్దలెవరైనా చెప్పగలరా?

— మీ అబ్బాయి ఒక్కడే కాదండీ. "మితమైన అనుభవం చాలు, దేవుడే వాడుకుంటాడు" అని ఒక యువ సేవకుడు ఏకంగా ప్రసంగమే చేశాడు, నేను విన్నాను.

— ఆ అర్థం ఎలా కుదురుతుందండీ! అదే అధ్యాయం 6వ వచనంలో, గర్వాంధుడైపోతాడు కాబట్టి "క్రొత్తగా చేరినవాడై యుండకూడదు" అని ఉంది కదా. ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే తీతు పత్రిక 2:2 చూడండి. అక్కడ వృద్ధులు మితానుభవము గలవారై ఉండాలని ఉంది. డెబ్బై ఏళ్లాయన అనుభవం తగ్గించుకోవాలంటే ఏం చేస్తాడు పాపం!

ఇక్కడ అనుభవం అంటే సుఖాలను అనుభవించడం. అడంగల్‌లో పట్టాదారు పక్కన అనుభవదారు అని ఉంటుంది చూడండి, ఆ భూమిని దున్నుకుని ఫలసాయం తింటున్నవాడని. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో మోషే "పాపభోగము అనుభవించుట" వద్దనుకున్నదీ ఈ అనుభవించడమే. ఇంటర్వ్యూలో అడిగే "ఎన్నేళ్ల అనుభవం?" వేరు. కాబట్టి మితానుభవుడంటే తనకు అందుబాటులో ఉన్న సుఖాన్ని హద్దులో వాడుకునేవాడు.

— ఈ పత్రిక మూలభాష గ్రీకులో మితానుభవుడు అన్నచోట ఉన్న మాట నేఫాలియోస్. అసలు ద్రాక్షారసం తగలనిది అని. గ్రీకులు ద్రాక్షారసం లేకుండా పోసే తర్పణాలకు ఈ మాటే వాడేవారు. అంటే మందు తాగనివాడు అని సరిపెట్టుకోవచ్చుగా?

— మూలార్థం అదే కానీ మందు సంగతి 3వ వచనంలో "మద్యపాని" అని విడిగా వచ్చేసింది. పౌలు వెంటవెంటనే ఒకే మాట రెండుసార్లు చెప్పాడనుకోవడం కంటే, ఇక్కడ మత్తెక్కించే దేనికైనా లొంగనివాడు అనుకోవడం మేలు. మా పాస్టరు గారు చుక్క ముట్టరు అని మనం సులువుగా మార్కులు వేసేస్తాం. ఫ్లెక్సీలో నిలువెత్తు ఫోటో, శాలువాలు, ముందు వరుసలో కుర్చీ, "అయ్యగారు చెప్పిందే వేదం" అనే మాట, ఇవి కూడా అనుభవాలే. వీటికి అలవాటు పడ్డవాడికి మందు తాగకపోవడం పెద్ద కష్టమేమీ కాదు. పాత అనువాదకులు "మద్యం" అనకుండా "అనుభవం" అన్నారంటే బాగా ఆలోచించే అని ఉంటారని నా నమ్మకం. పైగా ఈ జాబితాలో నేర్పు అనదగ్గది "బోధింప తగినవాడు" ఒక్కటే. మిగతా వాటిలో ఎక్కువ భాగం ఇంట్లో, పెళ్లాం పిల్లలతో, డబ్బు దగ్గర, జగడం వచ్చినప్పుడు బయటపడే గుణాలు.

— నేను క్రైస్తవుణ్ణి కాదు, భాష మీద ఇష్టంతో ఈ గుంపులో ఉన్నాను. ఇంత జాబితాలో విశ్వాసం మాటే లేదేంటి?

— ఉందండీ, 9వ వచనంలో పరిచారకుల (సంఘంలో సేవ చేసేవారి) దగ్గర. "విశ్వాసమర్మమును పవిత్రమైన మనస్సాక్షితో" పట్టుకోవాలట. ఇక్కడ మర్మమంటే దాచిపెట్టే గుట్టు కాదు, దేవుడు బయలుపరచిన సత్యం. నోటితో ఒప్పుకుంటే చాలదు, లోపల మనస్సాక్షి మకిలిగా ఉండకూడదు. ఆ తర్వాతి వచనంలో "మొదట పరీక్షింపబడవలెను" అనీ ఉంది. మన దగ్గర చాలాచోట్ల ముందు దండ వేస్తారు, పరీక్ష గొడవలు వచ్చాక.

అన్నట్టు, మీకూ ఇందులో వాటా ఉంది. 7వ వచనం ప్రకారం అధ్యక్షుడు "వెలుపటివారిచేత మంచి సాక్ష్యము" పొందాలి. వెలుపటివారంటే సంఘంలో లేనివారు, అంటే మీరే. కిరాణా కొట్టాయన, ఇంటి ఓనరు, అప్పిచ్చినాయన, వీళ్లను అడగకుండా ఈ వచనం నెరవేరదు. ఏ ఎన్నికలోనూ అడిగినట్టు నేను చూడలేదు.

— అయితే నా సాక్ష్యం రాసుకోండి. మా వీధి పాస్టరు గారు మంచి మనిషి. కరోనాలో కులం మతం చూడకుండా అందరికీ అన్నం పంపారు. కాకపోతే రాత్రి పదకొండైనా మైకు ఆపరు.

— అది కూడా సాక్ష్యమేనండీ. రెండూ కలిపి వాళ్ల సంఘ పెద్దలకు చెప్పండి.