తర్వాతి ఫోన్‌లో ఒక్క కోరికే తీరుతుందంటే ఏది అడుగుతారు? నా ఓటు విప్పి మార్చుకునే బ్యాటరీకి

పరకాల బిడ్డ

మా బాపు ఫోన్ కొని మూడేళ్లు కూడా కాలేదు. తెర మీద గీత పడలేదు, మాట బాగానే వినిపిస్తుంది, కెమెరా పనిచేస్తుంది. పోయింది బ్యాటరీ ఒక్కటే. మొన్న ఆదివారం ఊరికి పోయి చూస్తే వెనక మూత ఒక పక్కన లేచి ఉంది. బల్ల మీద పెడితే ఫోన్ సమంగా కూర్చోవడం లేదు, ఊగుతోంది. మూతకూ అంచుకూ మధ్య సందులో పత్తి నూగు ఇరుక్కుంది. బాపు దానికి రెండు రబ్బరు బ్యాండ్లు వేసి అంగీ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఉబ్బిన బ్యాటరీని గుండెకు ఆనించుకుని పొలంలో తిరుగుతున్నాడని తెలిసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

హన్మకొండలో సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోతే, ఈ మోడల్ బ్యాటరీ స్టాకు లేదు, తెప్పించడానికి పది రోజులు పడుతుంది, ఫోన్ ఇక్కడే పెట్టి పోండి అన్నారు. పది రోజులు ఫోన్ లేకుండా బాపుకు ఎట్లా నడుస్తుంది? బావి కాడ స్టార్టర్ డబ్బాలో సిమ్ ఉంటుంది, ఇంటి నుంచి కాల్ చేస్తేనే మోటారు నడుస్తుంది. యాసంగి మక్కకు నీళ్లు ఆగుతాయి.

2003లో వచ్చిన నోకియా 1100 మా ఇంట్లో ఎనిమిదేళ్లు నడిచింది. గోరుతో మూత తీసి, బీఎల్-5సీ బ్యాటరీ తీసి, కొత్తది పెట్టేది మా అవ్వ. చదువు రాని మనిషి. ఇవాళ డిగ్రీ చదివిన నేను ఆ పని చేయలేను. అందుకే అడుగుతున్నాను. కొత్త ఫోన్‌లో మడతపెట్టే తెర వద్దు, ఐదు కెమెరాలు వద్దు, ఏఐ వద్దు. బ్యాటరీ మేమే మార్చుకునేలా ఇవ్వండి చాలు. మీరేమంటారు?

చౌరస్తా రిపేర్

చర్చ తర్వాత, అక్కా. ముందు బాపు జేబులోంచి ఆ ఫోన్ తీయించు. రబ్బరు బ్యాండ్లు విప్పెయ్. ఉబ్బినదాన్ని అదిమి కట్టకూడదు, లోపల పొర చిరిగితే మంట అంటుకుంటుంది. ఛార్జింగ్ పెట్టొద్దు. పరుపు మీద, గడ్డి మీద కాకుండా బండ మీద ఉంచండి. సిమ్ తీసి ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో వేస్తే మోటారు ఆగదు.

పరకాల బిడ్డ

ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను అన్నా. తమ్ముడి పాత కీప్యాడ్ ఫోన్‌లో సిమ్ వేశారు.

ఏనుమాముల గుమాస్తా

అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ నా ఓటు మీకు పూర్తిగా ఎదురు. నాకు గాలి కూడా చొరకుండా మూసేసిన ఫోనే కావాలి.

నేను మార్కెట్ యార్డులో అడ్తి దుకాణంలో పనిచేస్తాను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి సీజన్. కాంటా పెట్టేటప్పుడు, బస్తాలు కుమ్మరించేటప్పుడు లేచే దుమ్ము మీకు తెలియనిది కాదు. మూత తీసే ఫోన్ ఉన్న రోజుల్లో సాయంత్రం విప్పి చూస్తే బ్యాటరీ చుట్టూ ఎర్రటి పొడి పేరుకుని ఉండేది. మైకు రంధ్రం మూసుకుపోయి రైతు ఒకటి చెబితే నాకు ఒకటి వినిపించేది. ధర చెప్పే దగ్గర అట్లా అయితే ఇద్దరికీ నష్టం. ఇప్పుడున్న ఫోన్ ఐపీ68, అంటే దుమ్ము, నీళ్లు చొరవని కంపెనీ ఇచ్చే గుర్తు. ఇంటికి పోగానే నల్లా కింద కడుగుతాను.

ఇంకొకటి. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వానకు మన వరంగల్ ఎట్లా మునిగిందో అందరం చూశాం. మా గల్లీలో మోకాలి పైదాకా నీళ్లు. పిల్లను భుజాన ఎత్తుకుని దాటుతుంటే ఫోన్ జారి నీళ్లలో పడింది. చేత్తో తడిమి వెతికి తీసేసరికి రెండు మూడు నిమిషాలు పట్టింది. తీసి తుడిస్తే పనిచేసింది, దానితోనే మా బావమరిదికి ఫోన్ చేశాను. ఆ రోజు అది చచ్చిపోయి ఉంటే నా దగ్గర వేరే దారి లేదు. బ్యాటరీ మూడేళ్లకు ఒకసారి పోతుంది. నీళ్లు మాత్రం మనకు ఇప్పుడు ఏటా వస్తున్నాయి.

పరకాల బిడ్డ

మీరు చెప్పింది కాదనను. కానీ ఈ రెండూ ఒకే ఫోన్‌లో ఉండవని ఎవరు చెప్పారు? 2014లో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్5కు వెనక మూత చేత్తో వచ్చేది, బ్యాటరీ చేత్తో వచ్చేది, అయినా ఐపీ67. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఆగాలి. పన్నెండేళ్ల కింద చేతనైంది ఇప్పుడు ఎందుకు చేతకాదు?

కేయూ హాస్టల్

బ్యాటరీ, నీళ్లు రెండూ పక్కన పెట్టండి. నేను ఒక్క కోరిక అడిగితే అది అప్‌డేట్లే. మా నాన్న ఫోన్‌కు బ్యాటరీ బాగానే ఉంది, ఆండ్రాయిడ్ పాతదని బ్యాంకు యాప్ పనిచేయడం ఆగిపోయింది. బాగున్న ఫోన్‌ను మూలకు పెట్టాల్సి వచ్చింది. 2023లో పిక్సెల్ 8తో గూగుల్, 2024లో ఎస్24తో శామ్‌సంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నాయి. అవి ఖరీదైన ఫోన్లు. పన్నెండు వేల ఫోన్‌కు ఆ మాట ఇచ్చేది ఎవరు? మనలో ఎక్కువ మంది కొనేది అదే కదా.

పరకాల బిడ్డ

తమ్ముడూ, నువ్వు అడిగింది నా వైపే వస్తోంది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఒక నిబంధన ఉంది. అక్కడ అమ్మే ఫోన్ బ్యాటరీ 800 సార్లు పూర్తిగా ఛార్జ్ అయ్యాక కూడా మొదటి సామర్థ్యంలో కనీసం 80 శాతం నిలుపుకోవాలి. రోజుకు ఒక ఛార్జ్ వేసుకో, 800 రోజులంటే రెండేళ్ల రెండు నెలలు. ఏడేళ్లు అప్‌డేట్లు వస్తే బ్యాటరీ రెండు సార్లయినా మార్చాలి. ఆ మార్చడం కష్టమైతే ఏడేళ్ల మాట కాగితం మీదే మిగులుతుంది.

అది కూడా యూరప్ వాతావరణంలో. ఆపిల్ తన ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని చెబుతుంది. మనకు మార్చి వస్తేనే 35 దాటుతుంది. మే నెలలో రామగుండం, మంచిర్యాల దిక్కు ఎండ ఎట్లుంటుందో చెప్పనక్కర్లేదు. లిథియం బ్యాటరీకి వేడి అసలు పడదు. బాపు ఫోన్ మూడేళ్లకే ఉబ్బిందంటే తప్పు ఆయనది కాదు. ఎండలో పనిచేసే మనిషి ఫోన్ ఎండలోనే ఉంటుంది.

అంగన్‌వాడీ టీచర్, మానుకోట

నాకైతే స్టోరేజ్. పొద్దుగాల యాప్‌లో పిల్లల ఫోటోలు ఎక్కించాలి, బరువులు ఎక్కించాలి. ఫోన్ నిండింది అని వస్తుంది, యాప్ తిరుగుతూనే ఉంటుంది. మెమరీ కార్డు పెట్టుకునే చోటు పాత ఫోన్‌లో ఉండేది, కొత్తదానిలో తీసేశారు. బ్యాటరీ గురించి అక్క చెప్పింది నిజం, కానీ నన్ను రోజూ ఏడిపించేది ఇది.

కాజీపేట రిటైర్డ్ మాస్టారు

ఇక్కడ ఎవరూ అడగని ఒకటి నేను అడుగుతాను. ఇయర్‌ఫోన్ రంధ్రం, దానితోపాటు ఎఫ్‌ఎం రేడియో.

2023 జూలై వానలు గుర్తున్నాయా? ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది, రాష్ట్రంలో అంతకుముందు అంత వాన నమోదు కాలేదు. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరు ఊరే మునిగి, జనం మిద్దెల మీదికి ఎక్కితే హెలికాప్టర్లు పోయాయి. ఆ రాత్రి మా చెల్లెలి ఊళ్లో కరెంటు పోయింది, కాసేపటికి టవర్ కూడా ఆగింది. ఆరు స్మార్ట్ ఫోన్లు ఉన్న ఇల్లు. ఒక్కదానికీ బయటి సంగతి తెలియలేదు. వాగు పెరుగుతోందో తగ్గుతోందో తెలియక తెల్లారేదాకా గుమ్మంలో నిలబడ్డారు.

రేడియోకు ఊళ్లో టవర్ అవసరం లేదు. ఆకాశవాణి మాట గాలిలో వస్తూనే ఉంటుంది. చాలా ఫోన్ల చిప్పులో ఎఫ్‌ఎం ఉంటుంది కూడా. దానికి యాంటెనా ఇయర్‌ఫోన్ వైరే. 2016లో ఐఫోన్ 7 ఆ రంధ్రం తీసేసింది, మెల్లగా మిగతావాళ్లూ ఆ దారే పట్టారు. విపత్తుల వేళ పనికొస్తుందని, ఎఫ్‌ఎం ఉన్న ఫోన్లలో దాన్ని నిలిపివేయొద్దని 2023లో కేంద్ర ఐటీ శాఖే కంపెనీలకు సూచించింది. సూచన సరిపోదు, తప్పనిసరి చేయాలని నేనంటాను. ఖర్చు ఎంతని? ఒక రంధ్రం.

ఏనుమాముల గుమాస్తా

మాస్టారూ, మీ మాటకు దండం. కానీ ఆ రాత్రి రేడియో వినాలన్నా ఫోన్ తడవకుండా ఉండాలి కదా.

కాజీపేట రిటైర్డ్ మాస్టారు

ఛార్జింగ్ కూడా ఉండాలి. ఆ లెక్కన పరకాల బిడ్డకూ నా సగం ఓటు.

చౌరస్తా రిపేర్

పదహారేళ్లుగా ఈ పని చేస్తున్నాను, విప్పే ఫోన్ల కాలం చూశాను, అతికించే కాలం చూస్తున్నాను. ఇద్దరికీ చెప్పాల్సింది ఉంది.

గుమాస్తా తమ్ముడికి మొదట. ఐపీ68 అంటే కొన్నప్పటి సంగతి. కంపెనీ పరీక్ష మంచినీళ్లతో చేస్తుంది, మురికి వరద నీళ్లతో కాదు. అంచుల్లో ఉండే జిగురు వేడికి, కింద పడిన దెబ్బకు మెల్లగా వదులుతుంది. రెండేళ్లు వాడిన ఫోన్‌ను నల్లా కింద కడగడం మానెయ్. నీ ఫోన్ ఆ రోజు బతికింది, అదే మోడల్ చచ్చిపోయి నా బల్ల మీదికి వచ్చినవీ ఉన్నాయి.

ఇప్పుడు అక్కకు. ఎస్5 మాట నిజమే. కానీ దాని మూత చుట్టూ అన్ని పక్కలా గట్టిగా నొక్కాలి. ఛార్జింగ్ రంధ్రానికీ ఒక మూత ఉండేది, ఛార్జింగ్ తీయగానే అది మూసుకోండి అని ఫోనే గుర్తు చేసేది. ఎవరు చూసుకుంటారు? ఒక మూల లేచి ఉండి నీళ్లు పోయినవి నేనే బాగుచేశాను. ఇంకా పెద్ద సంగతి డూప్లికేట్లు. బ్యాటరీ చేత్తో మార్చే రోజుల్లో పేరు ఒకటి, లోపల సరుకు ఒకటి. నూటయాభైకి దొరికేవి. మీ అవ్వ మార్చిన వాటిలో సగం అట్లాంటివే అయి ఉంటాయి. అప్పటి బ్యాటరీ చిన్నది, వేలెడంత. ఇప్పటిది దానికి ఐదారు రెట్ల శక్తి. ఇంత పెద్దదానిలో నకిలీ వస్తే ఇంట్లో బాంబు పెట్టుకున్నట్టే. కొనేటప్పుడు బ్యాటరీ మీద ఐఎస్ 16046 అని, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందో లేదో చూడండి. అది బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ నమోదు.

నా కోరిక వేరే. గోరుతో తీసే మూత అక్కర్లేదు. జిగురు బదులు నాలుగు మామూలు స్క్రూలు, రబ్బరు సీలు, బ్యాటరీ కింద లాగితే వచ్చే పట్టీ. ఇప్పుడేమవుతోందో చెబుతాను. ఫోన్‌ను వేడి పలక మీద పెట్టి, జిగురు మెత్తబడ్డాక పల్చటి ప్లాస్టిక్ రేకు దూర్చి అంగుళం అంగుళం విప్పుతాను. గాజు మూత అయితే ప్రతిసారీ టెన్షనే. బ్యాటరీ మళ్లీ జిగురుతో కింద అంటుకుని ఉంటుంది, ఉబ్బినదాన్ని వంచకుండా ఊడదీయాలి. చేతికి చమటలు పడతాయి. స్క్రూలుంటే పది నిమిషాల పని. చేయగలిగినవాళ్లు ఇంట్లో చేసుకుంటారు, చేతగానివాళ్లు నాలాంటివాడి దగ్గరికి వస్తారు, ఖర్చు సగమవుతుంది.

కేయూ హాస్టల్

అన్నా, యూరప్ నిబంధనలో కంపెనీలకు ఒక వెసులుబాటు కూడా ఉంది. బ్యాటరీ వెయ్యి సార్లు ఛార్జ్ అయ్యాక కూడా 80 శాతం నిలబడి, ఫోన్ ఐపీ67 అయితే, మార్చే పని నిపుణులకే వదిలేయొచ్చు. గుమాస్తా అన్న అడిగేది అదేననుకుంటా.

ఏనుమాముల గుమాస్తా

అవును, సరిగ్గా అదే. వెయ్యి ఛార్జీలు ఆగే బ్యాటరీ ఇచ్చి మూసెయ్యమనండి, నాకు అభ్యంతరం లేదు.

పరకాల బిడ్డ

నాకు ఉంది. నిపుణుడు ఎక్కడుంటాడు? మా ఊరి నుంచి హన్మకొండకు రానూపోనూ ఒక రోజు కూలి పోతుంది. చౌరస్తా అన్నలాంటి మనిషికి అసలు బ్యాటరీ అమ్మరు, తమ సెంటర్‌కే ఇస్తారు, ఆ సెంటర్‌లో స్టాకు ఉండదు. అదే యూరప్ నిబంధనలో ఆ మోడల్ అమ్మకం ఆపిన తర్వాత కూడా ఏడేళ్లు విడిభాగాలు దొరకాలని ఉంది. మన ప్రభుత్వం 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ తెచ్చింది. పోర్టల్ ఉంటే సరిపోదు, మండలంలో బ్యాటరీ ఉండాలి.

పవర్ బ్యాంక్ పెట్టుకోవచ్చు కదా అని ఎవరైనా అంటారేమో. 2026 జనవరిలో మేడారం జాతరకు పోయినప్పుడు పెట్టుకున్నాను. గద్దెల దగ్గర జనంలో సిగ్నల్ దొరకక ఫోన్ టవర్‌ను వెతుక్కుంటూనే మధ్యాహ్నానికి సగం ఖాళీ అయింది. చంకలో బిడ్డ, చేతిలో మొక్కు బంగారం (బెల్లం), వైరుతో వేలాడే పవర్ బ్యాంక్. ఎవరో తగిలి వైరు లాగేసరికి ఛార్జింగ్ పిన్నే వదులైంది. కొంగు ముడిలో ఇంకో బ్యాటరీ ఉంటే నిమిషంలో మార్చేదాన్ని.

స్క్రూల మాటకు ఒప్పుకుంటున్నాను అన్నా. నా కోరికను మార్చి రాస్తున్నాను: మామూలు స్క్రూలు, రబ్బరు సీలు, అసలు బ్యాటరీ ఎవరికైనా అమ్మాలి, పన్నెండు వేల ఫోన్‌కు కూడా.

కాజీపేట రిటైర్డ్ మాస్టారు

దానికి నా పూర్తి ఓటు. రంధ్రం మాత్రం వదలను.

ఏనుమాముల గుమాస్తా

సీలు నిజంగా నీళ్లకు ఆగితే నేనూ చేయెత్తుతాను. చూసేదాకా కాదు.

చౌరస్తా రిపేర్

అక్కా, మీ బాపు మోడల్‌కు బ్యాటరీ హైదరాబాద్ నుంచి తెప్పించాను, నంబరు చూసుకున్నాను. సోమవారం పొద్దుగాల తీసుకురండి. స్విచాఫ్ చేసే తేండి, బస్సులో సంచి అడుగున కాకుండా విడిగా పట్టుకోండి. విప్పాక పాత జిగురు పట్టు రాదు, వానలో జాగ్రత్త అని బాపుకు ముందే చెప్పండి.

పరకాల బిడ్డ

చెప్పాను. విత్తనాల కవర్‌లో చుట్టి పెట్టుకుంటానన్నాడు. సోమవారం మొదటి బస్సుకు వస్తున్నాం.